బోర్లా పెట్టిన కాగితం

సెప్టెంబరు 6

బాబాయ్,

పేపర్లో వచ్చింది. నీ చేతికి చిక్కకుండా పిన్ని దాచే ఉంటుంది, అందుకే నేనే రాస్తున్నాను. ఫోన్ చెయ్యలేను. దవడ ఎముక రెండు చోట్ల విరిగింది. పై పళ్ళకూ కింది పళ్ళకూ తీగలు చుట్టి నోరు కట్టేశారు. ఆరు వారాలు గొట్టంతో తాగడమే, మాట లేదు. నీకెలాగూ ఫోన్లో సగం వినపడదు కాబట్టి మన ఇద్దరికీ ఉత్తరాలే గతి.

కళ్ళు బాగున్నాయి. అన్నిటికంటే ముందు నువ్వడిగేది అదే కదా.

మంగళవారం పొద్దున పదిన్నరకు ల్యాబులో స్లైడ్లు చూస్తున్నాను. పక్క బల్ల మీద మా టెక్నీషియను గారు రోగుల ఒంటి ముక్కలు పొదిగిన మైనపు దిమ్మలు కోస్తున్నారు. తలుపు తన్నుకుని ఒకాయన లోపలికొచ్చాడు. గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసే హమాలీ. చేతిలో బస్తాలు లాగే ఇనుప కొక్కెం. ఎడమ భుజం మీద చొక్కా చించి, అక్కడ తువ్వాలు కప్పుకున్నాడు. రిపోర్టు రాసిందెవరని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా టెక్నీషియను గారు లేచి నేనే రాశానన్నారు. ఎందుకన్నారో ఇప్పటికీ నాకు తెలియదు. కొక్కెం ఆయన అరచేతిలోంచి దిగి బల్లలోకి పోయింది. ఆ చెయ్యి అక్కడే గుచ్చుకుని ఉండగానే నేను అరిచాను, రాసింది నేనని. అతను కొక్కెం వదిలేసి మైక్రోస్కోపు ఎత్తాడు. దాని బరువు నీకు తెలుసు. మొదటి దెబ్బకు నా దవడ విరిగిన చప్పుడు నా చెవి లోపలి నుంచి వినపడింది. రెండోది నేల మీద తగిలింది, నేను పక్కకు పడ్డాను కనుక. ఆ తర్వాత రంగుల సీసాలు, గాజు పలకలు, కిటికీ అన్నీ పోయాయి. జనం పట్టుకునేసరికి అతని కాళ్ళకు కూడా గాజు దిగి గదంతా నెత్తురు.

ఏప్రిల్లో అతని భుజం గడ్డ నుంచి ముక్క వచ్చింది. ప్రమాదం లేని నార గడ్డ అని నేనే రాశాను. అప్పుడు నిమ్మకాయంత. ఇప్పుడు చిన్న కొబ్బరికాయంత.

దవడ కట్టించుకున్న మర్నాడే ఆ పాత స్లైడు తీసి మళ్ళీ చూశాను. ఇప్పటికీ మంచి గడ్డలాగే ఉంది, బాబాయ్. ఇంకో సంగతి ఉంది, అది తర్వాత రాస్తాను. నువ్వు బయల్దేరి రావద్దు.

నోరు లేని నీ కూతురు


సెప్టెంబరు 10

అమ్మడూ,

మీ పిన్ని పేపరు దాచలేదు. చింపి చెత్తలో పడేసింది. ఆ ముక్కలు ఏరి అతికించుకుని చదివాను. ఇప్పుడు నా చేతికర్ర కూడా కనపడటం లేదు. ఏ సందులో పెట్టిందో, అడిగితే నీకెందుకు, ఎవర్ని కొట్టడానికి అంటుంది. నిజమే, కొట్టడానికే.

నేను కన్నవాణ్ణి కాదు, కానీ నీకు మైక్రోస్కోపు ముందు కూర్చోవడం నేర్పింది నేను. ఆ మైక్రోస్కోపుతోనే నీ మొహం పగలగొట్టాడు. వాడి రెండు చేతులూ భుజాల దాకా నలగ్గొట్టాలి. ఆ కొక్కెం వాడి దవడకే తగిలించి షెడ్డు మధ్యలో వేలాడదియ్యాలి. డెబ్భై మూడేళ్ళొచ్చాయి, ఈ మాటలేమిటని మీ పిన్ని. వయసొచ్చింది మోకాళ్ళకు, కోపానికి కాదు.

ఆ టెక్నీషియను సంగతి నాకు నచ్చలేదు. తలుపుకు గడియ ఎందుకు వెయ్యలేదు? రాసింది నేనే అన్నాడట. నాటకం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది. ముక్కలు తారుమారు చేసి ఉంటాడు, చూసుకో. టెక్నీషియన్లను నెత్తికెక్కించుకోకూడదని నీకు మొదట్లోనే చెప్పాను.

నువ్వు తప్పు చూసి ఉండవు. నేను నేర్పిన పద్ధతిలోనే చూసి ఉంటావు కదా? కాగితం బోర్లా పెట్టి, మనిషెవరో, ఒంట్లో ఎక్కడి ముక్కో, డాక్టరు ఏమనుకుంటున్నాడో ఏదీ తెలుసుకోకుండా, స్లైడు చెప్పేది స్లైడు నోటితోనే వినాలి. కాగితం ముందు చదివినవాడు కాగితంలో ఉన్నదే స్లైడులో చూస్తాడు. నలభై ఏళ్ళు అలాగే చూశాను. ఆ స్లైడు నాకు పంపు. నేను చెబితే ఎవడూ కాదనడు.

మెత్తటి గంజి తాగు. ఏడవకు, తీగలు లాగుతాయి.

నీ బాబాయి


సెప్టెంబరు 15

బాబాయ్,

టెక్నీషియను గారిని ఏమీ అనకు. ఆయన కుడి చేతి నరం తెగింది. మూడు వేళ్ళకు స్పర్శ లేదు. ఇంకెప్పుడూ వెంట్రుక మందాన ముక్క కొయ్యలేరు. నన్ను కాపాడటానికి అబద్ధమాడారు, అంతే.

స్లైడు పంపుతున్నాను. ఒకటి కాదు, రెండు. ఏది ఎవరిదో రాయను. నీ పద్ధతిలోనే చూడు.

ఇక్కడ సంగతులు బాగాలేవు. హమాలీని లాకప్పులో కొట్టారు. ఎక్కడ నొప్పో అడిగి మరీ అక్కడే, భుజం మీదే లాఠీలతో బాదారట. గడ్డ పగిలి నెత్తురు ఆగకపోతే మా ఆస్పత్రికే తెచ్చి పడేశారు. మర్నాడు హమాలీ ముఠా అంతా గేటు మీద పడింది. అరవై మంది, అరవై కొక్కేలు. వాచ్‌మన్ తల పగిలింది. అంబులెన్సుకు నిప్పు పెట్టారు. డ్రైవరు లోపలుండగానే పెట్టారు. అతను అద్దం తన్నుకుని బయటపడ్డాడు, కానీ రెండు చేతుల మీదా చర్మం ఊడిపోయింది. నా వార్డు కిటికీ లోంచి ఆ మంట చూశాను. నా మూలంగా అనిపించింది.

సర్జన్లు ఒక మాట మీదున్నారు. మన మీద చెయ్యి చేసుకున్నవాడికి మేం ఆపరేషన్ చెయ్యం, కట్టు కడతాం, అంతే అంటున్నారు. అక్టోబరు పదిన విచారణ. రిపోర్టు సరిగ్గానే ఉంది, దాడికి ఏ కారణమూ లేదు అని నేను సంతకం పెట్టాలట. పెడితే అతనికి ఎంత లేదన్నా ఏడేళ్ళు జైలు. పెట్టకపోతే తప్పు ఆస్పత్రిదవుతుంది, ఆపరేషన్ చెయ్యక తప్పదు, నా ఉద్యోగం పోతుంది. సూపరింటెండెంటు పళ్ళెంలో పెట్టినట్టు చెప్పి వెళ్ళాడు.

ఇంకా పెట్టలేదు.

నీ కూతురు


సెప్టెంబరు 20

అమ్మడూ,

స్లైడ్లు అందాయి. అటక మీంచి నా పాత మైక్రోస్కోపు దింపించాను. దుమ్ము దులిపేసరికి మీ పిన్నికి తుమ్ములు, నాకు తిట్లు.

రెండూ చూశాను. ఒక పూటంతా చూశాను. రెండిట్లోనూ సన్నటి పొడుగు కణాలు చాప అల్లినట్టు అల్లుకుని ఉన్నాయి. రెండిట్లోనూ పై చర్మం మందంగా ఉంది, మంచి నార గడ్డ మీద ఎప్పుడూ అలాగే మందమవుతుంది. పిచ్చిపిచ్చిగా చీలుతున్న కణం ఒక్కటీ లేదు. ఈ గడ్డకు చెడ్డ జోడీ ఒకటుందని నాకు తెలియక కాదు. అది అరుదు, దాని అల్లికా ఇలాగే ఉంటుంది. కానీ అది చర్మం దాటి కింద కొవ్వులోకి పాకుతుంది, తేనెపట్టు గదుల్లా కొవ్వు కణాలను చుట్టేస్తుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. రెండూ ఒకటే జాతి, రెండూ మంచివే. రాసిస్తాను, ముద్ర వేసిస్తాను, ఎక్కడ కావాలంటే అక్కడ చూపించు.

కాబట్టి నువ్వు రాసింది సరే. వాడి గడ్డ ఎందుకు పెరిగిందో వాడి కర్మ. పోలీసులు కొట్టింది తక్కువే. ఇంకా సంతకం పెట్టలేదంటే, నీకు భయం వేసి ఉంటుంది, ఆ కొక్కేల గుంపును చూసి. భయపడకు. తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదరవు. పెట్టెయ్.

చేతికర్ర దొరికింది. బియ్యం డబ్బా వెనక.

నీ బాబాయి


సెప్టెంబరు 24

బాబాయ్,

కూర్చుని చదువు.

నువ్వు చూసిన స్లైడ్లలో రెండోది ఒక డ్రాయింగు మాస్టారి కాలిది. తొమ్మిదేళ్ళ కింద తీసేశారు. మళ్ళీ రాలేదు, ఆయన సైకిలు తొక్కుతూనే ఉన్నారు. మొదటిది హమాలీది. వారం కింద కట్టు మార్చేటప్పుడు డ్యూటీ డాక్టరు లోతు నుంచి కొత్త ముక్క తీసి రహస్యంగా నా మంచం దగ్గరకు తెచ్చాడు. ఆ కొత్త ముక్కలో కొవ్వు ఉంది. తేనెపట్టు ఉంది. ప్రత్యేకమైన రంగు పరీక్షకు పెద్ద ల్యాబుకు పంపితే గోధుమరంగులో ముంచి తీసినట్టు వచ్చింది. అది చెడ్డ జోడీయే.

రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి రెండూ ఒకటే అన్నావు. నేనూ ఏప్రిల్లో అదే అన్నాను. ఎందుకంటే ఆ మొదటి ముక్కలో కొవ్వే లేదు. పై నుంచి చెక్కి తీసింది. కింద ఏముందో ఆ స్లైడుకే తెలియదు, మనకెలా చెబుతుంది?

ఇప్పుడు నేను దాచిన సంగతి. ఆ ముక్కతో వచ్చిన కాగితం నా దగ్గరుంది. దాడి మర్నాడు ఫైల్లోంచి తీసేసుకున్నాను. ఆస్పత్రిలో అది పోయిందనుకుంటున్నారు, సూపరింటెండెంటుకు ఆ సంతోషం కూడా ఉంది. కాగితంలో అప్పటి సర్జను, ఇప్పుడు వేరే ఊరు వెళ్ళిపోయాడు, నాలుగే ముక్కలు రాశాడు. బస్తాలు మోసే మనిషి. మోసే భుజం. పై నుంచి చెక్కాను, కింద ఇంకా గట్టిగా ఉంది. అనుమానముంటే చెప్పండి, లోతుగా తీస్తాను.

మోసే భుజం, బాబాయ్. పై చర్మం మందమైంది గడ్డ వల్ల కాదు, బస్తాల వల్ల. ముప్పై ఏళ్ళ కాయ అది. మనం దాన్నే సాక్ష్యం అనుకున్నాం.

ఆ కాగితం నేను చదవలేదు. బోర్లా పెట్టాను, స్లైడు చూశాను, రిపోర్టు రాశాను, తర్వాతి స్లైడు తీసుకున్నాను. పదకొండేళ్ళుగా అలాగే చేస్తున్నాను. కాగితం బోర్లా పెట్టమని నువ్వు నేర్పావు. మళ్ళీ తిరగెయ్యమని ఎప్పుడూ చెప్పలేదు.

నీ కూతురు


సెప్టెంబరు 28

నువ్వు రాసింది అబద్ధం.

నేను ప్రతిసారీ కాగితం తిరగేసేవాణ్ణి. స్లైడు చూశాక, రిపోర్టు రాసేముందు, ప్రతి ఒక్కసారీ. నలభై ఏళ్ళు. అది చెప్పాల్సిన పని కూడా లేదు, అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోమని ఎవరూ చెప్పరు. నువ్వు తిరగెయ్యకపోతే అది నీ బద్ధకం. దాన్ని తీసుకొచ్చి నా నెత్తిన రుద్దుతావా? పైగా నాకు పరీక్ష పెట్టావు, పేరు రాయకుండా స్లైడ్లు పంపి. నా చేతిలో పెరిగి నాకే.

నీకు దవడ ఒక్కటే విరిగిందనుకున్నాను. వాడు నీ తల కూడా తిప్పేశాడు. దెబ్బలు తిన్నవాళ్ళు కొట్టినవాడి పక్షం చేరడం ఇంతకుముందు చూశాను.

నువ్వు ఏ కాగితం మీదా ఏమీ పెట్టొద్దు. చెయ్యాల్సింది నేను చేస్తాను.

బాబాయి


అక్టోబరు 4

బాబాయ్,

ఆరు రోజులుగా నీ ఉత్తరం లేదు. పిన్నికి ఫోన్ చేయించాను, ఊళ్ళో లేరని చెప్పి పెట్టేసిందట. లేకపోవడమేమిటి, నాతో మాట్లాడొద్దన్నావని అర్థమైంది. సరే. చదవకపోయినా రాస్తాను.

నిన్న హమాలీ దగ్గరకు వెళ్ళాను. మగవాళ్ళ వార్డు చివర, మంచానికి కుడి కాలు గొలుసుతో కట్టి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. నేనెవరో గుర్తుపట్టేలోగా దగ్గరగా వెళ్ళాను, అది నా తెలివితక్కువ. బాగున్న చేత్తో నా మెడ పట్టుకున్నాడు. ఆ చెయ్యి రోజుకు మూడొందల బస్తాలు ఎత్తిన చెయ్యి. నోరు కట్టేసి ఉంది, అరవలేను, ఊపిరి ముక్కుతోనే రావాలి, అదీ రావడం లేదు. కానిస్టేబులు తుపాకీ మడమతో అతని మోచేతి మీద కొట్టాడు, వదల్లేదు. మళ్ళీ కొట్టాడు. అప్పుడు నా పెదాలు విడిపడి లోపలి తీగలు కనపడ్డాయనుకుంటాను. అతనే వదిలేశాడు.

తర్వాత ఇలా అన్నాడు. "ఏప్రిల్లో నీ కాగితం చదివించుకుని ఇంటికెళ్ళి నా పిల్లలకు ఏమీ లేదురా అని చెప్పాను. మర్నాటి నుంచి మళ్ళీ అదే భుజం మీద బస్తా పెట్టాను. నొప్పి పుడితే, డాక్టరు రాసిచ్చారు కదా, ఏమీ లేదులే అనుకునేవాణ్ణి."

పలక మీద రాసి చూపించాను, తప్పు నాదేనని. అతనికి చదువు రాదు. కానిస్టేబులు చదివి వినిపించాడు. అప్పుడు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఇంకో పది రోజులాగితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని డ్యూటీ డాక్టరు అంటున్నాడు. ఇప్పుడు కోస్తే మనిషి మిగులుతాడు. చెయ్యి మిగులుతుందో లేదో చెప్పలేరు.

నా మెడ మీద అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి. దవడ కంటే అవే నొప్పిగా ఉన్నాయి.

నీ కూతురు


అక్టోబరు 7

అమ్మడూ,

ఇది మీ ఊరి నుంచే రాస్తున్నాను. ఆస్పత్రి ఎదురుగా లాడ్జిలో రెండో అంతస్తు. కిటికీ తెరిస్తే కాలిపోయిన అంబులెన్సు కనపడుతుంది. నాలుగు రోజులైంది వచ్చి. నీ ఇంటికి రాలేదు. ఇది చదివాక నువ్వే రమ్మనవు.

నేను వచ్చింది నిన్ను చూడటానికి కాదు, వాణ్ణి కొట్టడానికి. మీ పిన్నికి పాత స్నేహితుడి దగ్గరకని చెప్పాను. నిన్న మధ్యాహ్నం వార్డుకు వెళ్ళాను. డాక్టర్నన్నాను, కానిస్టేబులు లేచి నిలబడి దారిచ్చాడు. నీ మెడ పట్టుకున్నాడన్న సంగతి ఆ కానిస్టేబులే చెప్పి, డాక్టరున్నాడు కదా అని టీకి బయటికెళ్ళాడు. నువ్వు రాసి ఉన్నా ఆ ఉత్తరం ఇంటికే పోయి ఉంటుంది. అది విన్నాక నాకు ఇంకేమీ వినపడలేదు. వాడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కర్రతో వీపు మీద కొట్టాను. రెండు, మూడు, నాలుగు. లెక్క తెలియదు. కర్ర విరిగింది. గొలుసు ఉన్నవాణ్ణి, జ్వరంతో ఉన్నవాణ్ణి కొట్టాను. వాడు మూలగలేదు కూడా. మొహం చూడాలనిపించింది, నేనెవరో తెలియాలనిపించింది. భుజం పట్టుకుని ఇవతలికి లాగాను.

నా చెయ్యి ఆ గడ్డ మీద పడింది.

అమ్మడూ, నలభై ఏళ్ళలో నేను ఎన్ని గడ్డలు చూశానో లెక్కలేదు. గడ్డ ఉన్న మనిషిని మాత్రం ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నా దగ్గరకు సీసాలో ముక్కలొచ్చేవి. కోపంతో పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. వేళ్ళు అంచు వెంట కిందికి పోనిచ్చాను. అంచు లేదు. అటూ ఇటూ కదిపి చూశాను, కదల్లేదు. చర్మం కింద, కొవ్వు కింద, కండలోకి పాతేసిన రాయిలా ఉంది. ఒక్క క్షణం చాలు, ఏ కంపౌండరు ముట్టుకున్నా ఇది మంచిది కాదని చెబుతాడు. నేను ఒక పూటంతా కూర్చుని మంచిదని రాశాను, ముద్ర వేస్తానన్నాను.

లాడ్జికి వచ్చి పడుకున్నాను. నేను కాగితం తిరగేసేవాణ్ణని నీకు రాశాను కదా. అది ఎలా తిరగేసేవాణ్ణో గుర్తు చేసుకుందామని చూశాను. కుడి చేత్తోనా, ఎడమ చేత్తోనా? నా చేతులు రెండూ ఎప్పుడూ మైక్రోస్కోపు మీదే ఉన్నాయి. గుర్తుకొచ్చింది చెయ్యి కాదు, ఒక గొంతు. మా పొడుగాయన గొంతు. ముప్పై ఎనిమిదేళ్ళు నా దగ్గర ముక్కలు కోసిన మనిషి. నేను లెన్సు మీంచి కన్ను తియ్యకముందే పక్కన నిలబడి కాగితం తిప్పి చదివేవాడు. వయసు, పని, ఎక్కడి ముక్క, ఎంత లోతు. నేను ఊఁ అనేవాణ్ణి, ఒక్కోసారి మళ్ళీ చూసేవాణ్ణి. అది నేను పెట్టిన పద్ధతి కాదు, ఆయన పెట్టింది. నేను చూసుకోను కూడా లేదు. నువ్వు నా దగ్గర నేర్చుకునేటప్పుడు నా కళ్ళనే చూశావు, ఆయన నోటిని ఎవరు చూస్తారు?

ఆయన్ని నేను పేపర్‌వెయిట్‌తో కొట్టాను. నీకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఒకరోజు, ఈ ముక్క చాలదు సార్, ఇంకోటి అడుగుదాం అన్నాడు, నలుగురి ముందు. విసిరేశాను. కనుబొమ్మ చీలి కంట్లోకి నెత్తురు కారింది. తుడుచుకుని, కోట్ విప్పి మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత రెండేళ్ళు ల్యాబు నడిపాను. ఆ రెండేళ్ళూ కాగితాలు ఎవరూ తిప్పలేదు.

నువ్వు రాసింది నిజం. నేను నేర్పలేదు. నాకే రాదు.

దీంతో పాటు ఒక కాగితం పెట్టాను. పద్ధతి నాది, తప్పు నాది, అమ్మాయిది కాదు అని రాసి సంతకం చేశాను. విచారణలో ఇవ్వు. నీ ఉద్యోగం నిలుస్తుంది. సాయంత్రం రైలుకు వెళ్ళిపోతాను.

బాబాయి


అక్టోబరు 19

బాబాయ్,

ఇవాళ తీగలు విప్పారు. నోరు ఒక వేలంత తెరుచుకుంటోంది. మొదట అన్న మాట నీళ్ళు.

విచారణ అయింది. నాకు మాట లేదు కాబట్టి రాసి తీసుకెళ్ళాను. టెక్నీషియను గారే చదివారు, కట్టు కట్టిన చేత్తో కాగితం పట్టుకుని. ముందు సర్జను రాసిన కాగితం చదివారు. సూపరింటెండెంటు బల్ల గుద్ది, అది ఎక్కడిదని అరిచాడు, లాక్కోబోయాడు. గ్లాసులు పగిలాయి. ఆయన ఎడమ చేత్తో సూపరింటెండెంటు మణికట్టు పట్టుకుని, చదవడం పూర్తిచేసి, అప్పుడు వదిలారు. తర్వాత నాది చదివారు. తప్పు నాది, కాగితం చదవలేదు, ముక్క చాలదని చెప్పాల్సింది చెప్పలేదు. మూడు వాక్యాలే.

నన్ను తీసేశారు. మర్నాడు హమాలీకి ఆపరేషన్. ఏడు గంటలు. గడ్డతో పాటు భుజం కండ, ఎముక చివర కోసేశారు. చెయ్యి ఉంది, కానీ వేలాడుతుంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. బతుకుతాడు. కేసు మాత్రం పోదు, రెండేళ్ళు పడొచ్చని వకీలు అంటున్నాడు. బస్తా మాత్రం ఇక మొయ్యలేడు. నలుగురు పిల్లల్లో పెద్దవాడు అప్పుడే షెడ్డుకు వెళ్తున్నాడు.

నువ్వు కొట్టావని అతను ఎవరికీ చెప్పలేదు. వీపు మీద వాతలేమిటని నర్సు అడిగితే, ఏవో పాతవి అన్నాడట. నేను మాత్రం నిన్ను క్షమించలేదు. కట్టేసి ఉన్న మనిషిని కొట్టావు. నా కోసమని రాశావు. నా కోసం కాదు, నేను నిన్ను తప్పు పట్టినందుకు. నా మీద ఎత్తలేని చెయ్యి అతని మీద ఎత్తావు. ఇది రాయడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది.

నీ సంతకం ఉన్న కాగితం తిరిగి పంపుతున్నాను. దాన్ని ఎవరికీ చూపించలేదు. ఏప్రిల్లో ఆ స్లైడు చూసింది నేను. నా తప్పు నేను మోశాను. నీది నా చేతిలో పెట్టి రైలెక్కేస్తే ఎలా? ఆ రెండేళ్ళ రిజిస్టర్లు ఎక్కడున్నాయి, బాబాయ్? వాటిలో ఎంతమంది ఇంటికెళ్ళి పిల్లలకు ఏమీ లేదని చెప్పుకున్నారు?

నీ కూతురు


నవంబరు 23

అమ్మడూ,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. కుడి చేతి రెండు వేళ్ళు కట్టు కట్టి ఉన్నాయి.

రిజిస్టర్లు అటక మీదే ఉన్నాయి. చెదలు అంచులు తిన్నాయి, పేర్లు తినలేదు. ఆ రెండేళ్ళలో ఈ జాతి గడ్డ అని, మంచిదని నేను రాసినవి పదిహేడు. చిరునామాలు రాసుకున్నాను. మీ పిన్ని చదివింది, నేను రాసుకున్నాను. ఎందుకని అడగలేదు. కొత్త చేతికర్ర మాత్రం తనే కొని తెచ్చింది.

మొదటి ఇల్లు ఒక టైలరుది. వీపు మీద మచ్చ తప్ప ఏమీ లేదు. అయినా నొక్కి చూశాను. నాకు పిచ్చి అనుకుని టీ ఇచ్చి పంపాడు. రెండో ఇల్లు ఒక బడి ఆయా. తొడ మీద మళ్ళీ వచ్చింది, రెండేళ్ళుగా తడుముకుని, రిపోర్టు తీసి చూసుకుని, ఊరుకుంటోంది. నా సంతకం ఉన్న రిపోర్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. వేళ్ళు పోనిచ్చాను. అదే రాయి. ఆ పూటే సర్జను దగ్గరకు తీసుకెళ్ళి, లోతుగా తియ్యమని చెప్పి, తీసేదాకా అక్కడే కూర్చున్నాను.

మూడో ఇల్లు నిన్న. పాత ఇనుము కొట్టు, వెనకే ఇల్లు. కొట్టు ఆయనతో, మీ భార్య గురించి వచ్చానన్నాను. చనిపోయి పద్నాలుగు నెలలైందన్నాడు. మెడ మీద గడ్డతో. ఎందుకొచ్చారని అడిగాడు. ఆ రిపోర్టు రాసింది నేనని చెప్పాను. తర్వాత చేతికందిన ఇనుప గొట్టం తీసుకున్నాడు. మొదటిది మోకాలి మీద. పడిపోయాక పక్కటెముకల మీద. తల కాపాడుకోవడానికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ మీద. కొట్టేటప్పుడు ఏమీ అరవలేదు, లెక్కపెడుతున్నవాడిలా ఆగి ఆగి కొట్టాడు. కర్ర నా పక్కనే పడి ఉంది, అమ్మడూ. చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు.

అలసిపోయి నా పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఇద్దరం రొప్పుతున్నాం. గొట్టం ఒళ్ళో పెట్టుకుని, ఆమె చివరి నెలలో పక్క మీద ఎలా తిరిగేదో చెప్పాడు. తిరగలేక తిరగడం. విన్నాను. చెప్పడం అయ్యాక ఇలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారని అడిగాడు.

"ఇంకా పద్నాలుగు ఇళ్ళున్నాయి" అన్నాను.

గొట్టం పక్కన పెట్టాడు. తర్వాత లేచి, చంకల కింద చేతులు వేసి నన్ను నిలబెట్టాడు, కర్ర తీసి చేతిలో పెట్టాడు.

"అయితే ఇక్కడ కూర్చున్నావేం, పో" అన్నాడు.

నీ బాబాయి